మూడు రోజుల మిగులు

ఆ గురువారం సాయంత్రం ఏడున్నరకు, సింగపూర్‌లోని వుడ్‌ల్యాండ్స్‌లో మేం అద్దెకుంటున్న ఫ్లాటులో, భోజనాల బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ముగ్గురు: నేను, నాతో గది పంచుకునే కరీంనగర్ కుర్రాడు, ఇంటి యజమానురాలు ఆంటీ. బల్ల మీద ఉన్నవి: నా ల్యాప్‌టాప్, పాస్‌పోర్టు, పాన్ కార్డు, డిగ్రీ పట్టా, ఎనిమిది సెమిస్టర్ల మార్కుల జాబితాలు, మా ఇంజనీరింగ్ కాలేజీ పంపిన ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంటు, రెండు ఫోటోలు, వీటన్నిటినీ సరిచూసుకోవడానికి నేను తయారు చేసుకున్న ముప్ఫై నాలుగు వరసల పట్టిక, ఒక పచ్చ హైలైటరు, ఆంటీ తెచ్చిపెట్టిన అరటిపండు బజ్జీలు. బజ్జీల నూనె కాగితాలకు అంటుకుంటుందని పళ్లెం కింద పాత న్యూస్‌పేపరు వేశాను. నాలుగో వస్తువు నుంచి ఎనిమిదో వస్తువు వరకూ ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి.

పట్టికలో ముప్ఫై నాలుగు వరసలూ పచ్చబడ్డాయి. ఇక మిగిలింది దరఖాస్తు పంపే మీట నొక్కడం.

"ఇంకేం జూస్తున్నవ్ అన్నా? అన్నీ అయినయ్ గదా. నొక్కెయ్," అన్నాడు తమ్ముడు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. మూడేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాం కాబట్టి నేను అన్నని, వాడు తమ్ముడు.

"శనివారం నొక్కుతా. రేపు సాయంత్రం ఇంకోసారి మొత్తం చదవాలి."

"మల్ల చదువుడా? ఇప్పటికి నాలుగు సార్లు చదివినవ్. నువ్ అప్లికేషన్ వెడ్తలేవన్నా, పిల్లను జూస్తున్నవ్."

"తంబీ, వాణ్ణి వదిలేయ్ లా," అంది ఆంటీ నన్ను వెనకేసుకొస్తూ. ఆమె తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మలేషియాలోని జొహోర్ రబ్బరు తోటల్లో పనికి వచ్చారు. ఆమె తెలుగులో సగం మాటలు అరవం, పావు వంతు మలయ్. "ముందు మకాన్, తినండి. చల్లారితే ఈ బజ్జీ రబ్బరే. కాగితం ఎక్కడికీ పోదు."

కాగితం ఎక్కడికీ పోదన్నది నాకూ సబబుగానే అనిపించింది. బజ్జీ తిన్నాను. ల్యాప్‌టాప్ మూశాను.

ఆ దరఖాస్తు ఆస్ట్రేలియా వాళ్ల వర్క్ అండ్ హాలిడే వీసా కోసం. ముప్ఫై ఏళ్ల దాకా ఉన్నవాళ్లు ఏడాది పాటు ఆ దేశంలో తిరగవచ్చు, తిరుగుతూ ఏ పనైనా చేసుకోవచ్చు. పళ్లు కోయవచ్చు, హోటల్లో గిన్నెలు కడగవచ్చు. ఏ కంపెనీ మనకు హామీ ఉండక్కర్లేదు. మన దేశంవాళ్లకు ఈ వీసా ఈమధ్యే మొదలైంది. అడిగేవాళ్లు చాలామంది, ఇచ్చేవి కొన్నే. అందుకని లాటరీ తీస్తారు. లాటరీలో పేరు వస్తే ఇరవై ఎనిమిది రోజుల్లో అసలు దరఖాస్తు పెట్టాలి. పెట్టే నాటికి ముప్ఫై ఒకటి నిండి ఉండకూడదు.

దాని సంగతి నాకు చెప్పింది మా ఆఫీసుకు ఆరు నెలల కోసం వచ్చిన జర్మన్ అమ్మాయి. ఇరవై మూడేళ్లు. సింగపూర్ కూడా కొన్ని దేశాల విద్యార్థులకు అలాంటి పాసు ఒకటి ఇస్తుంది. ఆ దేశాల జాబితా చూశాను, మనది లేదు. ఆమె ఆ పాసు మీద మా విభాగంలో పని నేర్చుకుంటోంది. అంతకుముందు ఏడాది ఆస్ట్రేలియాలో చెర్రీలు కోసిందట.

"కష్టమైన పనేనా?" అని అడిగాను.

"నడుం పడిపోతుంది," అంది. "కానీ సాయంత్రం బుట్ట కింద పెట్టాక చెర్రీలు మనకి ఫోన్ చెయ్యవు."

నాకు ఫోన్ వస్తుంది. ఐదేళ్లుగా వస్తోంది. మా కంపెనీ చిప్పులు తయారు చేస్తుంది. వాటిని పరీక్షించే యంత్రాల నుంచి వచ్చే అంకెలను చూసుకోవడం నా పని. అంకె గీత దాటితే ఫోన్ మోగుతుంది. గీత ఎందుకు దాటిందో గంటలో చెప్పాలి. చాలాసార్లు యంత్రం బాగానే ఉంటుంది, కొలిచే సూది అరిగి ఉంటుంది. సూది మార్పించి, ఒక నివేదిక రాసి, నాలుగు గళ్లలో టిక్కులు పెట్టి పంపాలి. నాకు ఆ పని చేతకాక కాదు. నాకు జబ్బూ లేదు, మేనేజరు చెడ్డవాడూ కాడు. ఎవరికైనా చెబితే "మరేంటి బాధ?" అంటారు. స్నానం చేస్తున్నప్పుడు కూడా ఫోను సబ్బు పెట్టె పక్కన పెట్టుకుంటాను. ఎక్కడో ఏ బస్సు ఇంజను అదిరినా చెయ్యి జేబు మీదికి పోతుంది. ఒక ఏడాది, ఒకే ఒక్క ఏడాది, బుట్ట నిండిందా లేదా అన్నది తప్ప వేరే లెక్క లేని పని చేయాలనిపించింది. అంతకు మించి పెద్ద కోరిక ఏమీ లేదు.

తమ్ముడూ నేనూ ఒకే రోజు, ఇదే బల్ల దగ్గర, లాటరీకి పేర్లు ఇచ్చాం. వాడు తమాషాకి ఇచ్చాడు. జూలై ఇరవై రెండున నాకు పిలుపు వచ్చింది. వాడికి రాలేదు. వాడికి ఇరవై ఐదే.

"నాకేందన్నా, ఇంకా ఐదారేండ్లు ఉన్నయ్. నీదే లాస్ట్ బస్సు," అన్నాడు. నిజంగా సంతోషపడ్డాడు. ఆ సాయంత్రం తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కు తీసుకెళ్లి వాడే చేపల కూర పెట్టించాడు. టిష్యూ ప్యాకెట్ బల్ల మీద పెట్టి చోటు పట్టడం కూడా వాడే చేశాడు. నేను ఆ బల్ల మీదే న్యాప్‌కిన్ వెనక పట్టిక మొదలుపెట్టాను.

ఇరవై ఎనిమిది రోజులంటే ఆగస్టు పంతొమ్మిది. నేను ఏ పనికైనా చివరి తేదీకి మూడు రోజులు వెనక్కి ఒక తేదీ పెట్టుకుంటాను. పరీక్షల విభాగంలో అది అలవాటు. దాన్ని మేం మిగులు అంటాం. పంతొమ్మిదిలోంచి మూడు తీస్తే పదహారు, శనివారం. ఆ రోజు పొద్దున, డ్యూటీ ఫోన్ వేరేవాడి దగ్గర ఉన్నప్పుడు, స్నానం చేసి కూర్చుని, తాపీగా పంపాలి. హడావిడిలో పంపిన ఫారాలు నేను చాలా చూశాను. ఆ సూదుల నివేదికలన్నీ అలాంటివే.

పట్టికలో మొదటి వరస పాస్‌పోర్టు గడువు. రెండోది పిలుపు వచ్చిన తేదీ. మూడోది వయసు. మూడో వరసకు పదిహేను సెకన్లు కూడా పట్టలేదు. ముప్ఫై ఒకటి నిండేది నవంబరు చివర, ఇంకా నాలుగు నెలలుంది. టిక్.

ఎక్కువ కాలం తీసుకున్నది ఇరవై ఒకటో వరస. నాకు ఇంగ్లిషు వచ్చని రుజువు కావాలి. పరీక్ష రాయవచ్చు, లేదా చదువంతా ఇంగ్లిషులో సాగిందని కాలేజీ నుంచి ఉత్తరం తేవచ్చు. ఉత్తరమే సులువనుకున్నాను. మా కాలేజీ గుంటూరు జిల్లాలో ఉంది. అక్కడి గుమస్తాకు పదకొండు సార్లు ఫోన్ చేశాను.

"ఇంగ్లీషులో చదివానని కాగితం కావాలంటావు. ఏ భాషలో రాయమంటావు బాబూ?"

"ఇంగ్లిషులోనేనండీ."

"మరి అది నువ్వే రాసి పంపరాదూ? సంతకం పెట్టిస్తా. నాకంత ఇంగ్లీషు రాదు."

నేనే రాసి పంపాను. ప్రిన్సిపాల్ గారు సెలవులో ఉన్నారు. తర్వాత ముద్ర ఉన్న బీరువా తాళం సెలవులో ఉంది. ఆగస్టు పదకొండు, సోమవారం, స్కాన్ కాపీ వచ్చింది. ముద్ర కొంచెం ఒరిగింది కానీ అక్షరాలు కనపడుతున్నాయి. ఆ రోజుతో అన్ని కాగితాలూ చేతికి వచ్చేశాయి. అంటే సోమవారం నాడే పంపవచ్చు. మంగళవారం పంపవచ్చు. బుధవారమూ పంపవచ్చు. నేను మూడు సాయంత్రాలు కూర్చుని ప్రతి కాగితం మీద పేరునూ పాస్‌పోర్టు మీద పేరుతో అక్షరం అక్షరం పోల్చాను. అన్నీ సరిపోయాయి. గురువారం సాయంత్రం జరిగింది ముందే చెప్పాను.

శుక్రవారం పొద్దున పదిన్నరకు మా మేనేజరు భుజం తట్టి ప్యాంట్రీకి రమ్మన్నాడు. వెళితే కేకు ఉంది. చుట్టూ మా విభాగం వాళ్లు పన్నెండు మంది ఉన్నారు. నేను నవ్వాను. ఏటా ఆ రోజున కేకు వస్తుంది, ఏటా నవ్వుతాను. దానికి మా గదిలో ఆఫీసు పుట్టినరోజు అని పేరు. అసలు పుట్టినరోజు నవంబరు ఇరవై ఎనిమిది. ఆ రోజున తమ్ముడు బిర్యానీ తెస్తాడు.

ఈ రెండు పుట్టినరోజుల సంగతి మనవాళ్లకు చెప్పక్కర్లేదు. నన్ను బళ్లో వేసేటప్పుడు, ఆగస్టు ముగిసేలోగా ఐదేళ్లు నిండితేనే ఒకటో తరగతి అన్నారు. నాకు మూడు నెలలు తక్కువయ్యాయి. ఏడాది వృథా అవుతుందని మా నాన్న గొణిగారు. "దానికేముందండీ," అని హెడ్మాస్టారు కలం తీసి ఆగస్టు పదిహేను అని రాశారు. మా తరగతిలో మిగతావాళ్లకు జూన్ ఒకటి, జూన్ ఐదు, జూన్ పది రాసేశారట. రిజిస్టరు చూస్తే ఊళ్లో పిల్లలంతా జూన్‌లోనే పుట్టారనిపిస్తుంది. నాకు మాత్రం జెండా పండుగ రోజు ఇచ్చారు. "వీడు జన్మలో మరిచిపోడు," అన్నారట. ఈ మాట మా ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకుని నవ్వుకున్నాం. ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి పాన్ కార్డులోకి, పాస్‌పోర్టులోకి, సింగపూర్ ఇచ్చిన వర్క్ పాసులోకి వెళ్లింది. ఫారాల్లో పుట్టినతేదీ గడి కనపడితే వేళ్లు వాటంతటవే ఆ తేదీ కొడతాయి. లాటరీ ఫారంలోనూ కొట్టాయి. కానీ నీ వయసెంత అని నన్ను నేను అడిగినప్పుడు జవాబు వేళ్ల నుంచి రాదు. నవంబరు నుంచి వస్తుంది.

కేకు మీద అంకెల కొవ్వొత్తులు రెండు పెట్టారు. మూడు, ఒకటి.

జర్మన్ అమ్మాయి పేపరు ప్లేట్లు పంచుతూ నా దగ్గరికి వచ్చింది. కొవ్వొత్తుల వంక చూసింది. "పంపేశావుగా?" అంది.

"రేపు," అన్నాను.

ఆమె ప్లేటు నా చేతికివ్వకుండా ఆగిపోయింది. ఈ వీసా నిబంధనలు ఆమెకు నాకన్నా బాగా తెలుసు. మళ్లీ కొవ్వొత్తుల వంక చూసింది. నేనూ చూశాను. అందరూ పాట మొదలుపెట్టారు. పాట మొత్తం అయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను. చివర్లో ఊదాను కూడా.

"ఇది నా అసలు పుట్టినరోజు కాదు," అన్నాను పక్కకు వచ్చాక. "కాగితాల మీదిది."

"మనిషికి రెండు పుట్టినరోజులు ఎలా ఉంటాయి?"

మన బడి, జూన్ నెల, హెడ్మాస్టారి కలం, ఇవన్నీ ఇంగ్లిషులో టీ విరామం అయ్యేలోపు చెప్పలేననిపించింది. "మావైపు ఉంటాయి," అన్నాను.

"మరి పాస్‌పోర్టులో ఏది ఉంది?"

"ఇది."

ఆమె నా కేకు ముక్క మీద నుంచి కొవ్వొత్తి మైనం గోటితో తీసి పక్కన పెట్టింది. తర్వాత ప్లేటు ఇచ్చింది.

మీటింగు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని పిలుపు ఉత్తరం తెరిచాను. వయసు గురించిన వాక్యం రెండో పేరాలో ఉంది. మూడు సార్లు చదివాను. దానికి రెండు అర్థాలు లేవు. దరఖాస్తు ఫారంలో పుట్టినతేదీ గడి చూశాను. ఆగస్టు పదిహేను. నేనే నింపాను, నేనే నాలుగు సార్లు చదివాను, నాలుగు సార్లూ పాస్‌పోర్టుతో పోల్చి సరిగ్గా ఉందని టిక్ పెట్టాను. రెండు కాగితాలూ ఒకదానితో ఒకటి సరిపోయాయా అని చూశాను తప్ప, ఆ అంకె చెప్పేది ఏమిటో చూడలేదు. మా పనిలో దీన్ని నేను ఇతరులకు నేర్పుతాను. సూది అరిగిందో లేదో తెలియాలంటే దాన్ని అదే సూదితో కొలవకూడదు.

ఆస్ట్రేలియా రాజధానిలో సమయం సింగపూర్ కన్నా రెండు గంటలు ముందు. అంటే అక్కడ పదిహేనో తేదీ మొదలైంది మనకు గురువారం రాత్రి పదింటికి. నేను బజ్జీ తిని ల్యాప్‌టాప్ మూసినప్పుడు ఇంకా రెండు గంటలకు పైగా ఉంది.

జేబులో ఫోను అదిరింది. ఏడో నంబరు యంత్రం. బయటికి వెళ్లి చూశాను. సూది అరిగింది. మార్పించి నివేదిక రాశాను. నాలుగు గళ్లు.

సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి తమ్ముడు సోఫాలో పడుకుని ఉన్నాడు. చెప్పాను. లేచి కూర్చున్నాడు.

"గట్లెట్లయితదన్నా? నీ బర్త్‌డే నవంబర్ల గదా. బిర్యానీ దెచ్చింది నేనే గదా."

"పాస్‌పోర్టులో ఈ రోజు."

"అయితేంది? నవంబర్ అని రాసి పంపు. కింద నోట్ పెట్టు."

"దేన్ని చూపించి?"

వంటగదిలోంచి ఆంటీ గరిటె పట్టుకుని వచ్చింది. విషయం వాడు చెప్పాడు, ఒక్కోటి రెండేసి సార్లు.

"అలామక్!" అంది ఆంటీ. "అయితే నిన్నే అయిపోయిందా? నేను బజ్జీ పెట్టినప్పుడు?"

"బజ్జీది తప్పు కాదాంటీ."

"నువ్వెప్పుడు పుట్టావో మీ అమ్మకి తెలుసు కదా తంబీ. ఆమె ఒక ఉత్తరం రాసి ఇస్తే చాలదా? తల్లి కంటే ఎవరికి తెలుసు?"

"ఆంటీ, అమ్మ మాట ఇమిగ్రేషన్ల నడ్వదు," అన్నాడు తమ్ముడు. "హెడ్మాస్టర్ మాటనే నడుస్తది."

ఎవరూ నవ్వలేదు. నాకు కొంచెం నవ్వొచ్చింది కానీ ముఖం దాకా రావడానికి ఓపిక లేకపోయింది. కుర్చీలో కూర్చున్నాను. కిటికీలోంచి దూరంగా, సముద్రం మీదుగా మలేషియా వెళ్లే కాజ్‌వే వైపు బస్సుల వరస కనపడుతోంది. జొహోర్ నుంచి పొద్దున వచ్చినవాళ్లు ఇళ్లకు పోతున్నారు. రోజూ వేరే దేశంలో పని చేసి, అన్నం వేళకు తిరిగి వెళ్లిపోతారు. ఐదేళ్లుగా ఆ వరస చూస్తున్నాను. ఎప్పుడూ వాళ్లు అలసిపోయినట్టే కనపడతారు. ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ తేడా లేదు.

రాజీనామా ఉత్తరం ఒకటి రాసి పెట్టుకున్నాను, ఇంకా ఇవ్వలేదు. అది మిగిలింది. గదిలో నా మంచం ఎవరికైనా ఇవ్వాలా అని ఆంటీ కిందటి వారం అడిగింది. తొందర లేదన్నాను. అదీ మిగిలింది.

"నీకెప్పుడు?" అని అడిగాను తమ్ముణ్ణి.

"ఏంది?"

"నీ సర్టిఫికెట్ పుట్టినరోజు."

"జూన్ ఒకటి," అన్నాడు. "అసలుదైతే బోనాలప్పుడు. అమ్మ గట్లనే జెప్తది. తేదీ యాదికి లేదు." లోపల లెక్క వేసుకుంటున్నాడని తెలిసింది. "నాకు గూడ రెండు నెలలు పోయినట్టేనా?"

"పోయినట్టే."

"గా హెడ్మాస్టర్లు మనకు చేసింది చూడన్నా. ఏడాది మిగిల్తదని..." అని ఆపేశాడు.

ఏడాది మిగిలిన మాట నిజమే. ఒక ఏడాది ముందు చదువు అయింది, ఒక ఏడాది ముందు ఉద్యోగం వచ్చింది. ఆ మిగిలిన ఏడాది ఎక్కడికి పోయిందని ఎవరైనా అడిగితే, సూదులు మార్చడానికి పోయిందని చెప్పగలను.

ఆంటీ అన్నం వడ్డించింది. ఎండుచేపల సంబాల్ చేసింది, నాకు ఇష్టమని. తమ్ముడు తన ముక్కలు రెండు నా కంచంలో వేశాడు. తిన్నాక ప్లాస్టిక్ కవర్లలోంచి కాగితాలు తీసి, పట్టాను పట్టాల ఫైల్లో, పాస్‌పోర్టును సొరుగులో, ఎక్కడివక్కడ సర్దాను. కాలేజీ ఉత్తరం ఏ ఫైల్లోకి వెళ్లాలో తేలలేదు. బల్ల మీదే ఉంచాను.

పట్టిక చింపబోతే తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

"నాకియ్యి. పై ఏడు మల్ల లాటరీ ఏస్త."

పచ్చ రంగు పూసిన గళ్లలో ముప్ఫై మూడు సరిగ్గానే ఉన్నాయి. మూడో వరస కొట్టేసి, పక్కన కలంతో రాశాను: వయసు, పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం. కింద మిగులు మూడు రోజులని ఉన్నచోట, చివరి తేదీ నుంచి కాదు, పుట్టినరోజు నుంచి అని చేర్చాను. మడిచి వాడికిచ్చాను. వాడు దాన్ని తన పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు.

తర్వాత, అలవాటు చొప్పున, నవంబరు ఇరవై ఎనిమిది నుంచి లెక్క వేశాను. ఆ రోజుకు నా అసలు వయసు ముప్ఫై ఏళ్ల ఎనిమిది నెలల పద్దెనిమిది రోజులు.